గోలు తిన్నోని సాక్ష్యం

రామన్నపేట సర్కారు కచేరి వెనక ఒక రాళ్ళ చెలక ఉండేది. ఏరితే ఏరినన్ని రాళ్ళు మళ్ళీ పైకి తేలే నేల. వాన కరుణిస్తే ఆముదాలు పండేవి, కరుణించకపోతే తంగేడు పూసేది. ఆ చెలకలో ఓ అయిదారేళ్ళు ఫుట్‌బాల్ ఆడారు. ఆడినవాళ్ళ పేర్లు ఏ కాగితంలోనూ లేవు. రాజ్యాలు ఎట్లా పడిపోయాయో రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ పడిపోయిన రాజ్యంలో శుక్రవారం సాయంత్రాలు జనం ఏం చేసేవాళ్ళో రాసినవాళ్ళు తక్కువ.

బంతి కుట్టినవాడు మైసయ్య. మోట బొక్కెనలు, చెప్పులు, ఎడ్ల మెడపట్టెలు కుట్టి బతికే మనిషి. ఎడమచేతి బొటనవేలి గోరు ఎప్పుడో తోలు కుట్టే ఆరె దిగి నల్లబడింది. కచేరికి బదిలీ మీద వచ్చిన ఒక అధికారి పట్నం నుంచి మొదటి బంతిని తెచ్చాడు. ఇంకో బదిలీలో అధికారి పోయాడు, బంతి ఉండిపోయింది. రెండు వానలకు తడిసి, ఒక తుమ్మముల్లుకు దొరికి పగిలిపోతే పిల్లలు దాన్ని మైసయ్య ముందు పెట్టారు. ఆయన ఒక పూటంతా దాన్ని ఒళ్ళో పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. కుట్లు ఒక్కొక్కటే విప్పి, ముక్కలు నేల మీద పరిచి, తంగేడు చెక్కతో పదును చేసిన దూడతోలు తీసి అట్లాంటిదే ఇంకోటి కుట్టాడు. లోపలి రబ్బరు తిత్తి మాత్రం పట్నం నుంచి రావలసిందే.

తోలుకున్న మాయ చూడండి. మైసయ్య నీడ మీద పడితే పక్కకు జరిగే ఇళ్ళ పిల్లలు, మైసయ్య కుట్టిన బంతిని నెత్తితో కొట్టేవాళ్ళు. కచేరి జట్టులో ఆడే పట్వారి చిన్నకొడుకైతే ఛాతీతో ఆపేవాడు. ఇంటికి పోయి స్నానం చేసేవాడేమో, అది వాళ్ళమ్మకు తెలియాలి.

గోలుకు వల లేదు. రెండు వెదురు బొంగులు, నడుమ గాలి. బంతి లోపలి నుంచి పోయిందా, పైనుంచి పోయిందా అన్న దాని మీద తలలు పగలబోయేవి. అందుకని ఒక కట్టడి పెట్టుకున్నారు. గోలు కాస్తూ గోలు తిన్నవాడు బంతి మీద అరచెయ్యి పెట్టి ఏం చెబితే అదే సత్యం. తనకు నష్టమయ్యే మాట చెప్పేవాడు అబద్ధమాడడని వాళ్ళ నమ్మకం. ఏ న్యాయశాస్త్రంలో వెతికినా ఇంతకన్నా గట్టి సాక్ష్యం దొరకదు.

ఆ కట్టడి నుంచే ఇంకోటి పుట్టింది. రోజూ సాయంత్రం ఆట, జుమ్మా నాడు కచేరి జట్టుకూ ఊరి జట్టుకూ అసలు పోటీ. నిజాం రాజ్యంలో సెలవు శుక్రవారమే కదా. ఆ తర్వాత వచ్చే అంగడి నాడు చెలక పడమటి కొసన, మైసయ్య కూర్చునే తుమ్మచెట్టు కింద అందరూ చేరి, వారంలో పడిన గోల్లలో ఏది మేలైనదో తేల్చుకునేవాళ్ళు. వాదన ముదిరాక గోలు తిన్నవాడు బంతి మీద చెయ్యి పెట్టి, నన్ను దాటినవాటిలో ఇదీ గోలంటే అని చెప్పాలి. అప్పుడు మైసయ్య బంతికి గాలి నింపే నోటి దగ్గర ఒక ఎర్రదారం ముడి వేస్తాడు. ముడి వారం రోజులుంటుంది. వచ్చే జుమ్మాకు ఆట మొదలుకాకముందు, గెలిచినవాడే దాన్ని పళ్ళతో కొరికి తెంపాలి.

ఒకసారి ఠాణా జవాను ఆ ముడిని చూసి నిలబడ్డాడు.

"ఎర్రదారమేందిరా? సంఘపోళ్ళ గుర్తా?"

"నా పెండ్లాం రైక కుట్టంగ మిగిలింది దొరా."

"అయితే రైక గూడ సంఘంల చేరిందన్నట్టు."

జవాను నవ్వుతూ పోయాడు గానీ, మైసయ్య ఆ వారం నుంచి నీలిదారం వాడాడు. అట్లాంటి రోజులు అవి. దొరల గడీల ముందు సంఘం జెండాలు, ఊళ్ళ మీద పోలీసు దాడులు, ఆ నడుమ సందులో ఒక బంతి.

మైసయ్యకు ఒక్కడే కొడుకు, ఉప్పలయ్య. ఇరవై ఏళ్ళవాడు. తండ్రితో పాటు తోలు నానబెట్టేవాడు, సాయంత్రం ఊరి జట్టులో ఆడేవాడు. సన్నటి కాళ్ళు, పరుగు మీద పెద్దగా ఆశ లేనివాడిలా ఆడేవాడు. మిరుగు కార్తె ఇంకో వారం ఉందనగా, పందొమ్మిది వందల నలభై ఏడులో, వాడు కొట్టిన గోలు గురించే ఈ కథంతా.

ఆ జుమ్మా నాడు ఊరి జట్టు రెండు గోల్లు కొట్టింది. ఒకటి జంగయ్యది. తాళ్ళెక్కి కల్లు గీసే మనిషి, కాళ్ళు తాటిమొద్దులే. రెండోది ఉప్పలయ్యది. రెండూ తిన్నది కచేరి జట్టు గోలులో నిలబడే లతీఫు. కచేరిలో బంట్రోతు కొడుకు, ఉప్పలయ్య ఈడువాడే, ఇద్దరూ ఒకే బీడీ పంచుకునేవాళ్ళు.

అంగడి నాడు తుమ్మచెట్టు కింద వాదన మొదలైంది.

"గోలంటే జంగయ్యది," అన్నాడు రఘుపతి పంతులు. బళ్ళో డ్రిల్లు చెప్పేవాడు, ఆటలో ఈల ఆయనదే. "నడిచెలక నుంచి తన్నిండు. లతీఫు చేతులు చీల్చుకొని పోయింది. వెనకున్న గుమాస్తా సైకిల్ని పడగొట్టింది. గాయన దాన్ని ఇంక నూకుకుంటనే తిరుగుతుండు."

"సైకిల్ని పడగొడితే గోలైతదా పంతులూ?" అన్నారెవరో వెనక నుంచి. "గట్లయితే మా ఎద్దు దినాం గోలు కొడ్తది."

"మరి ఉప్పలయ్యది?" అన్నాడు ఇంకొకడు. "ముగ్గుర్ని దాటి లతీఫు ముంగట ఆగిండు. బీడీ ముట్టిచ్చుకున్నంత సేపు ఆగిండు."

"అగో, నడుమల బీడీ గూడ తాగిండట."

"ఇను జర. లతీఫు ఎడమకు పడ్డడు, గాయన బంతిని కుడికి దొర్లిచ్చిండు. ముసలవ్వ బాయికి పోయినట్టు మెల్లగ పోయింది. గీత దాటి ఆగింది."

"ముసలవ్వ పోతే అదొక గోలా? గోలుకు బలముండాలె."

"బలం ఆంబోతుకుంటది. అకల్ మనిషికుంటది."

జంగయ్య తల గోక్కున్నాడు. "నిజం జెప్పాల్నంటే నేను కండ్లు మూసుకొని తన్నిన. యాడికి పోయిందో సైకిలు పడ్డంకనే ఎరుకైంది."

అందరూ నవ్వారు. రఘుపతి పంతులు చెయ్యి ఎత్తాడు. "సరే, లతీఫు, రా. చెయ్యి పెట్టు."

లతీఫు వచ్చి మైసయ్య ఎదుట గొంతుక్కూర్చున్నాడు. బంతి మీద అరచెయ్యి పెట్టాడు. "మైసయ్య మామా, నన్నడిగితే..." అంటూ ఉప్పలయ్య వైపు చూసి నవ్వబోయాడు.

మైసయ్య ఆ చేతి కింది నుంచి బంతిని ఒళ్ళోకి లాక్కున్నాడు.

"మావోని ముచ్చట ఇడిసిపెట్టుండ్రి. కొడుక్కు నేను ముడేస్తే రేపు ఊరు నా మొకాన ఉమ్మదా?"

నీలిదారం తీసి జంగయ్య పేరు మీద ముడి వేశాడు. లతీఫు చెయ్యి కాసేపు గాలిలోనే ఉండి, తర్వాత మోకాలి మీదికి పోయింది. అందరూ మైసయ్యను మెచ్చుకున్నారు. తన బిడ్డ, పరాయి బిడ్డ అని చూడని మనిషి అన్నారు. ఆ మెప్పు ఆయనకు బాగుంది. మెప్పు ఎక్కువగా ఎరగని మనిషికి అది కల్లులా ఎక్కుతుంది.

ఆ పొద్దు ఇంటి ముందర అంబలి తాగుతూ ఉప్పలయ్య అడిగాడు. "నాయినా, నా గోలు సూసినవా?"

మైసయ్య చూశాడు. చెప్పు కుడుతున్నవాడల్లా ఆరె గాల్లో ఆపి, కొడుకు ఆగిన ఆ క్షణం తనూ ఊపిరి ఆపి చూశాడు. అయితే చూశానంటే, మరి ముడి ఎందుకు వెయ్యలేదని అడుగుతాడు.

"సూడలే. ఎండ కండ్లల్ల కొట్టింది."

తుమ్మచెట్టు పడమటి కొసన ఉంది. దాని కింద కూర్చున్నవాడికి సాయంకాలపు ఎండ వీపున పడుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఉప్పలయ్య అంబలి గిన్నె కడిగి బోర్లించాడు.

"గట్లనా. మల్ల జుమ్మాకు సూద్దువులే."

జుమ్మాకు రెండు రోజుల ముందే వాడు ఇంకో ఇద్దరితో కలిసి సంఘం దళంలోకి వెళ్ళిపోయాడు. అది ఎప్పుడో అనుకున్న సంగతే, ముడికీ దానికీ సంబంధం లేదు. పోయే ముందు తల్లి గుర్వమ్మతో మాత్రం ఒక మాట అన్నాడు. "నాయిన నా గోలు సూడలేదటనే అమ్మా." నవ్వుతూనే అన్నాడట.

ఆ జుమ్మాకు ఆట జరగలేదు. ముగ్గురు పిల్లలు మాయమైన ఊళ్ళో పోలీసులు తిరుగుతుంటే బంతి ఎవరు తంతారు? ఆ తర్వాత రజాకార్లు వచ్చారు, గడ్డివాములు తగలబడ్డాయి, కచేరి జట్టు కచేరిలోనే ఉండిపోయింది. బంతి జంగయ్య ముడితోనే మైసయ్య ఇంటి దూలానికి వేలాడింది. తిత్తిలో గాలి తనంతట తనే పోయింది.

మరుసటి ఏడు వినాయక చవితి దాటిన వారానికి యూనియన్ మిల్ట్రీ వచ్చింది. అయిదు రోజుల్లో నిజాం రాజ్యం కూలింది. ఊరూరా జెండాలెత్తారు. అదే వారంలో కచేరి పక్క గల్లీలో ముసల్మానుల ఇళ్ళు ఖాళీ అయ్యాయి. రజాకారు ఖాకీ తొడిగినవాడెవడో, తొడగనివాడెవడో అడిగి తెలుసుకునే ఓపిక అప్పుడు ఎవరికీ లేదు. లతీఫు తండ్రి బావి దగ్గర చచ్చిపడి ఉన్నాడు. లతీఫు ఏమయ్యాడో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా. జుమ్మా సెలవు పోయి ఐతారం సెలవైంది.

ఉప్పలయ్య ఇక వస్తాడని గుర్వమ్మ రోజూ ఇంకో మనిషికి సరిపడా జొన్న దంచేది. వాడు రాలేదు. దళాలు తుపాకులు దించలేదు, మిల్ట్రీ ఇప్పుడు వాళ్ళ వెంట పడింది. మాఘమాసంలో దేవరకొండ దిక్కు నుంచి ఒక గొర్లకాపరి వచ్చి గుడ్డలో చుట్టిన చెప్పు ఒకటి మైసయ్య ముందు పెట్టాడు. గుట్టల్లో నలుగుర్ని కాల్చారనీ, అక్కడే కాలబెట్టారనీ చెప్పాడు. మైసయ్య చెప్పును తిరగేసి మడమ దగ్గరి కుట్టు చూశాడు. ఆ కుట్టు ఆయనదే. ఇంకేమీ అడగలేదు.

గుర్వమ్మ ఏడ్చింది, తర్వాత ఏడుపు మానింది. ఒక పొద్దు జొన్నలు చెరుగుతూ, ఎవరితోనో అన్నట్టు అంది. "పిలగాడు అడిగింది ఒక్కటే. సూసినవా అని."

ఆ మాట పడ్డాక మైసయ్యకు ఆరె పట్టబుద్ధి కాలేదు.

చైత్రంలో జంగయ్య వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. దూలానికి వేలాడే బంతిని చూసి, "కాకా, నా ముడి తీసెయ్యి. గది ఉప్పలయ్యకు ఎయ్యి," అన్నాడు.

"నువ్విచ్చేది గాదు బిడ్డా, నేనిచ్చేది గాదు. గోలు తిన్నోడు జెప్పాలె. ఆనాడు వాడు చెప్పవోతే నేనే చెప్పనియ్యలే."

జంగయ్య కాసేపు నేల గీకాడు. "నార్కట్‌పల్లి మోటార్లు ఆగే కాడ హోటల్ల ఒకడు కనవడ్డడు. అచ్చం లతీఫు లెక్క. పిలిస్తే ఇననట్టు పోయిండు."

మైసయ్య లేచి బంతిని దించి జంగయ్య చేతిలో పెట్టాడు. "నీ ముడి నువ్వు తెంపు."

రెండేళ్ళకు గట్టిపడ్డ ఆ నీలిదారాన్ని జంగయ్య పళ్ళతో కొరికి తెంపాడు. తెంపి ఉమ్మలేదు, రుమాలు కొంగులో కట్టుకున్నాడు.

మైసయ్య తెల్లవారుజామునే బయల్దేరాడు, బంతి గోనెసంచిలో. చిట్యాల దాకా బండిబాట, అక్కడి నుంచి బెజవాడ సడక్. చదును చేసిన రోడ్డు మీద నడవడం చెప్పులు కుట్టేవాడికి కూడా కొత్తే. మట్టిబాట పాదం చెప్పినట్టు వింటుంది, సడక్ వినదు. నార్కట్‌పల్లి చేరేసరికి పొద్దు నెత్తి మీదికి వచ్చింది.

అది తడకల హోటలు. ముందు రెండు లారీలు ఆగి ఉన్నాయి, డ్రైవర్లు బల్లల మీద కూర్చున్నారు. మైసయ్య అలవాటు ప్రకారం బయట నేల మీద కూర్చుని చాయ అడిగాడు. గ్లాసులు కడుగుతున్న మనిషి తలెత్తాడు. గడ్డం లేదు. నుదుట రూపాయంత కుంకుమ, చేతికి పసుపుతాడు. ఆ చేతులు మాత్రం లతీఫువే.

వాడే మట్టిముంతలో చాయ తెచ్చి కింద పెట్టాడు. "ఎవరు గావాలె నీకు?" అన్నాడు, గొంతు పెదవి దాటకుండా.

"నువ్వే..." అని మైసయ్య ఆ కళ్ళు చూశాడు. మోట తాడు తెగినప్పుడు ఎద్దు కళ్ళు అట్లా ఉంటాయి. "నువ్వేం పేరు బిడ్డా?"

"లచ్చయ్య."

"మంచి పేరు," అన్నాడు మైసయ్య.

ఇంత దూరం వచ్చి ఇక అడగడానికి దారి మిగల్లేదు. పేరు పెట్టి పిలిస్తే చాలు, ఆ కుర్రాడి ప్రాణం మీదికి వస్తుంది. చాయ చల్లారింది. ఉట్టి చేతులతో గుర్వమ్మ ముందు నిలబడడం ఎట్లాగో తెలియక, మైసయ్య సంచిలోంచి బంతి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏంది తాతా అది, గుమ్మడికాయా?" అన్నాడొక డ్రైవరు.

"ఫుట్‌బాలు. నేనే కుట్టిన."

"అబ్బో. నువ్వాడతావా ఏంటి?" అన్నాడు రెండోవాడు, బెజవాడ మనిషి.

"ఆడను. తగువు తెంపుత. మీరు లోకం తిరిగినోళ్ళు, ఒక తగువుంది, జెప్పుండ్రి." మైసయ్య రెండు గోల్లనూ వాళ్ళ ముందు పెట్టాడు. సైకిలు పడిన గోలు, ముసలవ్వ నడిచిన గోలు. పేర్లు చెప్పలేదు. లోపల గ్లాసుల చప్పుడు ఆగిపోయింది.

"ఇందులో తగువేముందండీ," అన్నాడు బెజవాడ డ్రైవరు. "మొదటిదే గోలు. బంతి అంటే దూసుకుపోవాలి. రెండోది గోలు కాపలావాడి తెలివితక్కువ."

"అవు, వాడు తప్పు దిక్కుకు పడ్డడు, అంతే," అన్నాడు మొదటివాడు. హోటలాయన కూడా గల్లా దగ్గర నుంచి, "సైకిలుదే," అన్నాడు.

"అయినా ఆ కాపలావాణ్ణే అడక్కపోయావా?" అన్నాడు బెజవాడ డ్రైవరు.

"గదే మా కట్టడి," అన్నాడు మైసయ్య, బంతి మీదే చూపు పెట్టి. "బంతి మీద చెయ్యేసి గాయనే జెప్పాలె. గాని గా పిలగాడు గడబిడల యాడికో పోయిండు. బతికుంటే చాలు."

లచ్చయ్య ముంత తీసుకోవడానికి వచ్చాడు. వంగినవాడు ముంత తీయలేదు. గొంతుక్కూర్చుని, తడిచెయ్యి బంతి మీద పెట్టాడు. అయిదు వేళ్ళూ పరిచి, నొక్కి.

"ముట్టుకుంటే ఎట్లుంటదో అని," అన్నాడు డ్రైవర్లకేసి చూసి. చెయ్యి తీయకుండానే మళ్ళీ అన్నాడు. "నాకైతే రెండోదే గోలు తాతా. కాపలోడు తెలివితక్కువోడు గాదు. గా పిలగాడు ఆగి, ఒక దిక్కు భుజం జర దించిండు. భుజం జూస్తే ఎవ్వడైనా గటే పడ్తడు. కావాల్నని ఇడువలే. గది గోలంటే."

"దగ్గరుండి చూసినట్టు చెప్తున్నాడు చూడు," అని నవ్వాడు బెజవాడ డ్రైవరు.

"లచ్చిగా, గ్లాసులు," అని కేక వేశాడు హోటలాయన.

లచ్చయ్య లేవలేదు. తల వంచుకుని, మైసయ్యకు మాత్రమే వినబడేట్టు అడిగాడు. "గాయన ఇంక ఆడుతుండా?"

చెప్పాలని మైసయ్య నోరు తెరిచాడు. కానీ చెబితే ఈ పిల్లవాడు ఏడుస్తాడు. ఎవరి కోసం ఏడుస్తున్నావని ఇక్కడ అడుగుతారు. రామన్నపేట ఉప్పలయ్య కోసం ఏడవడానికి నార్కట్‌పల్లి లచ్చయ్యకు జాగా లేదు.

"ఆడుతుండు బిడ్డా."

"జెప్పు మరి. నేను... గా కాపలోడు ఆనాడే జెప్పవోయిండని జెప్పు."

"జెప్త."

ముంత తీసుకుని లచ్చయ్య లోపలికి పోయాడు. మళ్ళీ బయటికి రాలేదు. బంతి మీద తడి అరచెయ్యి అచ్చు కొంతసేపు కనిపించింది. ఎండాకాలం కదా, మైసయ్య దాన్ని సంచిలో పెట్టేలోపే వేళ్ళ కొసల నుంచి ఆరడం మొదలుపెట్టింది.

ఆ రాత్రికి చిట్యాలలో ఎవరి అరుగు మీదో పడుకుని, మరునాడు పొద్దెక్కాక ఇల్లు చేరాడు. గుర్వమ్మ చాటతో కూర్చుని ఉంది. ఆయన దారం అడిగాడు. ఆమె లోపలికి పోయి ఎర్రదారం తెచ్చింది. ఎర్రదారం ఇప్పుడు కూడా మంచిది కాదు, మిల్ట్రీ ఊళ్ళోనే ఉంది. అయినా ఆయన వద్దనలేదు.

"ఏమన్నడు?"

"మనోనిదే అన్నడు. భుజం దించి పడగొట్టిండట."

"గోలంటే నాకేం ఎరుక," అంది గుర్వమ్మ. "ఎట్ల కొట్టిండు?"

మైసయ్య ముడి వేస్తూ చెప్పాడు. మొదటివాణ్ణి కుడి నుంచి దాటిండు. రెండోవాడు కాలు అడ్డం పెడితే బంతిని ఎగరేసిండు. మూడోవాడు పట్వారి కొడుకు, వాడు అంగీ పట్టుకుని గుంజితే చిరిగింది, అయినా ఆగలేదు. గోలు ముందుకు వచ్చి ఆగిండు. ఆగినప్పుడు నాలుక కొస బయటపెట్టిండు, చిన్నప్పుడు దబ్బనంలో దారం ఎక్కించేటప్పుడు పెట్టినట్టు.

గుర్వమ్మ చాట పక్కన పెట్టింది.

"అంగీ చిరిగిన సంగతి, నాలుక సంగతి లతీఫు జెప్పిండా?"

"లేదు."

"మరి నువ్వు సూసినవా?"

"సూసిన," అన్నాడు మైసయ్య.

ఆమె ఆయన ఒళ్ళోని బంతి వైపు చూసింది. గాలి లేక ఒక పక్క కుంగిపోయిన తోలు, దాని నోటి దగ్గర ఎర్రటి ముడి.

"గా ఒక్క మాట వానికెందుకు జెప్పలేదయ్యా?" అంది.